బొగ్గు గని చుట్టూ నీటి లెక్క: ఏ బావిలో, ఎంత లోతులో, ఎప్పటి నుంచి?

సంక్షిప్తంగా: బొగ్గు గని పరిసరాల్లో నీటిమట్టం ఎందుకు పడిపోయింది, వాగు నీళ్లు ఎందుకు మారాయి అన్న ప్రశ్నలకు ఒక్క ల్యాబ్ నివేదికతో జవాబు దొరకదు. తవ్వకానికి ముందటి కొలతలు కావాలి. గని ప్రభావం చేరని చోట పోల్చి చూసుకోవడానికి బావులు ఉండాలి. ఏ పొరలోని నీటిని కొలుస్తున్నారో స్పష్టంగా తెలిసిన పిజోమీటర్లు (నీటిమట్టం కొలవడానికే వేసే సన్నటి గొట్టపు బావులు) ఉండాలి. వాగులో గాఢతతో పాటు ప్రవాహాన్నీ కొలవాలి. ఇవన్నీ ఉన్నప్పుడే ఏ మార్పు గని వల్ల వచ్చిందో, ఏది వానల వల్ల వచ్చిందో విడదీయడం సాధ్యం. కొన్ని ప్రభావాలైతే గని మూసేశాక గానీ పైకి తేలవు.

బొగ్గు గని పక్క ఊళ్లో బావులు ఎండితే వాదన ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా సాగుతుంది. గని వచ్చాకే నీళ్లు పోయాయని ఊరివాళ్లు అంటారు. వానలు తగ్గాయి, బోర్లు పెరిగాయి అని యాజమాన్యం అంటుంది. తర్వాత ఒక నివేదిక బయటికొస్తుంది. అందులో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత), టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), సల్ఫేట్, నీటిమట్టం వరుసగా అచ్చయి ఉంటాయి, చివర్లో 'అన్నీ పరిమితికి లోబడే ఉన్నాయి' అని ఉంటుంది. ఆ అంకెల్లో తప్పేమీ లేకపోవచ్చు. అయినా తగాదా తెగదు, ఎందుకంటే అడిగిన ప్రశ్న ఒకటైతే నివేదిక చెప్పే జవాబు మరొకటి. అడిగింది మార్పు గురించి, కారణం గురించి. నివేదిక చెప్పింది ఫలానా రోజున ఫలానా సీసాలో ఉన్న నీటి గురించి.

## గుంతలోకి ఊరే నీరు ఎక్కడిది

ఓపెన్‌కాస్ట్ గని, అంటే నేలను పై నుంచి గుంతగా తవ్వే గని, కొంత లోతుకు వెళ్లాక భూగర్భ జలమట్టాన్ని దాటి కిందికి దిగుతుంది. అప్పటి నుంచి చుట్టుపక్కల రాతిపొరల్లోని నీరు గుంతలోకి ఊరుతూనే ఉంటుంది. పని సాగాలంటే దాన్ని అడుగున సంప్‌లోకి మళ్లించి పంపులతో బయటికి తోడాల్సిందే. ఏళ్ల తరబడి ఇలా తోడితే గుంత చుట్టూ నీటిమట్టం గరాటులా వంగుతుంది. అంచు దగ్గర తగ్గుదల ఎక్కువగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ సన్నగిల్లుతుంది.

ఈ గరాటు ఎంత దూరం పోతుందన్నది పొర స్వభావాన్ని బట్టి ఉంటుంది. చేదబావులు తవ్వే పైపొరలో నీటిమట్టం ఒక మీటరు దిగితే, ప్రతి చదరపు మీటరు నేల కింద నుంచి సుమారు 10 నుంచి 300 లీటర్ల నీరు విడుదలవుతుంది. పైనా కిందా బంకమన్ను లేదా షేల్ మూసేసి, ఒత్తిడిలో ఉన్న లోతు పొరలో పరిస్థితి వేరు. అక్కడ ఒత్తిడి ఒక మీటరు తగ్గినా వచ్చేది సాధారణంగా లీటరు లోపే. అంటే గని అదే పరిమాణంలో నీటిని లోతు పొర నుంచి తోడాలంటే ఒత్తిడి తగ్గుదల చాలా పెద్ద విస్తీర్ణానికి పాకాలి, అదీ త్వరగా పాకుతుంది. కొన్ని కిలోమీటర్ల దూరంలోని 150 మీటర్ల బోరు ముందు దెబ్బతిని, గనికి దగ్గర్లోని చేదబావి కొన్నేళ్లపాటు మామూలుగానే ఉండటం ఇందువల్లే సాధ్యం. 'దగ్గరి బావికే ఏమీ కాలేదు, దూరపు బోరుకు గని ఎలా కారణం?' అన్న వాదన వినడానికి సబబుగా అనిపిస్తుంది గానీ, భూగర్భ జలం దూరాన్ని బట్టి మాత్రమే నడవదు.

గోదావరి లోయ బొగ్గు క్షేత్రంలో ఈ ముడి ఇంకా బిగుసుకుని ఉంటుంది. అక్కడ బొగ్గు పొరలు బరాకర్ ఇసుకరాయి మధ్య ఉన్నాయి, ఆ ఇసుకరాయే నీటిని పట్టి ఉంచే పొర కూడా. నీటిని కదపకుండా బొగ్గు తీయడం కుదరదు. పైగా ఇలాంటి క్షేత్రాల్లో రాతిపొరలను అడ్డంగా కోసే భ్రంశాలు ఉంటాయి. ఒక భ్రంశం నీటికి గోడలా అడ్డుపడవచ్చు, మరొకటి కాలువలా దారి ఇవ్వవచ్చు. భారతదేశంలో పర్యావరణ ప్రభావ అధ్యయనాలు గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిని బఫర్ జోన్‌గా తీసుకుంటాయి. పాలనకు ఆ వృత్తం అవసరమే, కానీ నీటి ప్రభావం గుండ్రంగా వ్యాపించదు. ఒకవైపు రెండు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయి, భ్రంశం వెంబడి ఇంకోవైపు చాలా దూరం పోవచ్చు. కొలిచే బావులను ఎంపిక చేసేటప్పుడు చేతిలో ఉండాల్సింది భూగర్భ పటం.

భూగర్భ గనుల్లో తీరు మరోలా ఉంటుంది. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలుతుంది, దాని పైన పగుళ్లు పట్టిన మండలం, ఆ పైన వంగిన పొరలు ఏర్పడతాయి. పగుళ్లు పైకి పాకి వాగు అడుగును తాకితే నీరు కిందికి ఇంకిపోతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరానికి తాగునీరిచ్చే పరీవాహక ప్రాంతంలో వారటా రివ్యులెట్ అనే చిన్న వాగుకు ఇదే జరిగింది. కింద లాంగ్‌వాల్ పద్ధతిలో (పొడవాటి పలకలుగా మొత్తం బొగ్గు తీసి, వెనక పైకప్పును కూలనిచ్చే పద్ధతి) బొగ్గు తీయడంతో దాని రాతి అడుగు పగిలి, కొంతమేర నీరు కనిపించకుండా పోయింది. ఇలా దిగిన నీరు దిగువన మళ్లీ పైకొచ్చినప్పుడు తరచు ఇనుము కలిసి తుప్పు రంగులో ఉంటుంది. వాగుకు ఒకేచోట కొలత పెడితే ఈ నష్టం దొరకదు. గని మీదుగా పారే భాగానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉంటే తప్ప మధ్యలో ఎంత పోయిందో తెలియదు.

## పీహెచ్ మామూలుగా ఉన్నా నీరు మారి ఉండవచ్చు

బొగ్గులోనూ దాని చుట్టూ ఉన్న రాళ్లలోనూ పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. అది ఇనుము, గంధకం కలిసిన సమ్మేళనం. లోతున గాలి తగలనంత కాలం అది అలాగే పడి ఉంటుంది. తవ్వకంతో గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం, కరిగిన ఇనుము, సల్ఫేట్ పుడతాయి. ఆమ్లత్వం ఒక స్థాయికి చేరాక కొన్ని బాక్టీరియా ఈ చర్యను అనేక రెట్లు వేగవంతం చేస్తాయి. ఆ దశకు చేరిన గనిని అదుపులోకి తేవడం చాలా కష్టం.

ఆమ్లం పుట్టిన ప్రతిచోటా నీరు పుల్లబడదు. రాతిలో సున్నపు ఖనిజాలు తగినంత ఉంటే అవి ఆమ్లాన్ని విరిచేస్తాయి. పీహెచ్ 7 దగ్గరే నిలుస్తుంది, సల్ఫేట్ పెరుగుతుంది, కాల్షియం, మెగ్నీషియం కరగడంతో నీటి కాఠిన్యం పెరుగుతుంది. పీహెచ్ ఒక్కటే చూసి తృప్తిపడితే ఈ మార్పు పూర్తిగా తప్పిపోతుంది. సల్ఫేట్ నీటితో పాటే దాదాపు అడ్డు లేకుండా ప్రయాణిస్తుంది కాబట్టి గని నీటి జాడ ముందుగా అందులోనే కనిపిస్తుంది. బావిలో సల్ఫేట్ నిలకడగా ఉండి క్లోరైడ్, నైట్రేట్ పెరిగితే మురుగునీటినో ఎరువులనో ముందు అనుమానించాలి. నైట్రేట్ విషయంలో ఒక మెలిక ఉంది: గనుల పేలుడు పదార్థాల్లో అమ్మోనియం నైట్రేట్ ప్రధానం, అది పూర్తిగా పేలకపోతే మిగిలింది నీటిలో కలుస్తుంది.

భారతదేశంలోనే రెండు కొసలూ కనిపిస్తాయి. గోదావరి లోయతో సహా దేశంలోని ఎక్కువ క్షేత్రాల్లో దొరికే గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది. అక్కడ ప్రధాన సమస్యలు నీటిమట్టం తగ్గడం, ఓబీ డంపుల (బొగ్గు పైన తీసేసిన మట్టి, రాళ్ల గుట్టల) నుంచి కొట్టుకొచ్చే మట్టి, కాఠిన్యం, సల్ఫేట్. ఈశాన్యంలోని బొగ్గులో గంధకం ఎక్కువ. మేఘాలయలోని జైంతియా కొండల్లో ర్యాట్‌హోల్ తవ్వకాల (మనిషి పాకుతూ వెళ్లే ఇరుకు సొరంగాల) వల్ల వాగుల నీరు బాగా ఆమ్లంగా మారి చేపలు లేకుండా పోయాయి. అక్కడి ర్యాట్‌హోల్ తవ్వకాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. ఒక గనికి తయారుచేసిన పరీక్షల జాబితాను మరో గనికి అలాగే అతికిస్తే పనికిరాదనడానికి ఈ తేడా చాలు.

## తవ్వకానికి ముందటి రికార్డు

మొత్తం పర్యవేక్షణలో తర్వాత ఎంత ఖర్చు పెట్టినా తిరిగి సంపాదించలేనిది ఒకటే: గని రాకముందటి కొలతలు. కనీసం ఒక పూర్తి జల సంవత్సరం (ఒక వానాకాలం మొదలు నుంచి తర్వాతి వానాకాలం మొదలు దాకా), వీలైతే ఒక మంచి వానల ఏడు, ఒక కరువు ఏడు కూడా అందులోకి వచ్చేలా కొలతలు ఉండాలి. ఒక్క వేసవిలో తీసిన నమూనాలు ఆధారమైతే, ఆ తర్వాత ప్రతి వానాకాలంలోనూ నీరు మెరుగుపడినట్టే కనిపిస్తుంది.

ముందూ తర్వాతా పోలిక ఒక్కటే కూడా చాలదు. గని మొదలైన ఏడే కరువు వస్తే తప్పంతా గని మీద పడుతుంది. మంచి వానలు పడితే గని చేసిన నష్టం కనబడకుండా పోతుంది. అందుకే గని ప్రభావం చేరదని భావించే చోట, అదే రకం రాయిలో, అదే లోతులో, చుట్టుపక్కల వ్యవసాయ బోర్ల తాకిడి కూడా అదే స్థాయిలో ఉండేలా పోలిక బావులు కావాలి. ఊహించిన అంకెలతో చూద్దాం. గని దగ్గరి పిజోమీటరులో మే నెల నీటిమట్టం ఐదేళ్లలో 6 మీటర్లు దిగింది. పోలిక పిజోమీటరులో అదే కాలానికి 2 మీటర్లు దిగింది. అప్పుడు ఆ 2 మీటర్లకు వానలు, వ్యవసాయపు తోడకం కారణమని, మిగిలిన 4 మీటర్లకు గనే కారణమని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్నట్టు. పోలిక బావి లేకపోతే ఆ 6 మీటర్లను రెండు పక్షాలూ తమకు నచ్చినట్టు వాడుకుంటాయి.

## పిజోమీటర్ ఏ పొరను చూస్తోంది

చాలాచోట్ల ఊళ్లోని పాత బావులు, చేతిపంపులనే పర్యవేక్షణ జాబితాలో చేరుస్తారు. ఊరి నీటి పరిస్థితి తెలుసుకోవడానికి అవి అవసరమే. అయితే రోజూ నీళ్లు తోడే బావిలో మట్టం కొలిస్తే, పొద్దున ఎవరో మోటారు వేసిన ప్రభావమే తెలుస్తుంది. అనేక పొరలను దాటుకుంటూ దిగి, పై నుంచి కింది దాకా తెరిచి ఉన్న బోరు మరో చిక్కు తెస్తుంది. దాంట్లో కనిపించేది అన్ని పొరల ఒత్తిళ్లూ కలిసిన మిశ్రమ మట్టం. ఒక పొర పడిపోతున్నా పై పొర దాన్ని కప్పేస్తుంది. పైగా ఆ బోరే పై నీరు కిందికి దిగడానికి దారి అవుతుంది.

పిజోమీటర్ నిర్మాణంలో అసలు సంగతి ఇక్కడే ఉంది. గొట్టానికి ఒక నిర్ణీత లోతులో మాత్రమే జల్లెడ భాగం ఉంటుంది. దాని చుట్టూ గులకరాళ్లు నింపి, పైన ఉబ్బే బెంటొనైట్ బంకమట్టితో మూసేస్తారు. అప్పుడు అది ఆ ఒక్క పొర సంగతే చెబుతుంది. ఒకేచోట పైపొరకు ఒకటి, బొగ్గు పై ఇసుకరాయికి ఒకటి, బొగ్గు కింది పొరకు ఒకటి చొప్పున పక్కపక్కనే వేస్తే పొరల మధ్య నీరు పైకి పోతోందా, కిందికి దిగుతోందా అన్నది తెలుస్తుంది. నివేదికలో పిజోమీటర్ సంఖ్య, నీటిమట్టం మాత్రమే ఇచ్చి, జల్లెడ ఏ లోతులో ఉందో ఇవ్వకపోతే ఆ అంకెను అర్థం చేసుకునే దారి ఉండదు. చిన్న వివరంలా కనబడే ఈ కాలమ్‌నే పాఠకులు ముందు వెతకాలి.

## వాగులో గాఢత ఒక్కటే కొలిస్తే

వాగు నీటి నివేదికల్లో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్నదే ఉంటుంది. ఎంత నీరు పారుతోందో చాలావాటిలో ఉండదు. వేసవిలో సెకనుకు 5 లీటర్లు పారుతూ లీటరుకు 800 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉందనుకుందాం. రోజుకు దిగువకు పోయేది సుమారు 346 కిలోలు. వానాకాలంలో సెకనుకు 50 లీటర్లు పారుతూ సల్ఫేట్ 200కు తగ్గింది. కాగితం మీద నీరు బాగుపడింది. నిజానికి రోజుకు పోయే సల్ఫేట్ 864 కిలోలకు పెరిగింది. దిగువన చెరువు ఉంటే అందులో చేరేది ఈ బరువే.

ప్రవాహం కొలవడానికి ఖరీదైన పరికరాలే అక్కర్లేదు. చిన్న వాగుకు అడ్డంగా వి-ఆకారపు గాడి ఉన్న పలకను నిలబెట్టి, గాడి మీదుగా పారే నీటి ఎత్తు చూస్తే చాలు. 90 డిగ్రీల గాడిలో ఎత్తు 10 సెంటీమీటర్లుంటే ప్రవాహం సెకనుకు నాలుగున్నర లీటర్లకు కాస్త తక్కువ. 20 సెంటీమీటర్లయితే రెట్టింపు కాదు, దాదాపు 25 లీటర్లు. ఎత్తును ఒక్క సెంటీమీటరు తప్పుగా చదివినా ప్రవాహం లెక్క బాగా తప్పుతుంది కాబట్టి పలక వెనక పేరుకునే ఒండ్రును తీస్తుండాలి.

వాగు విషయంలో మరో మాయ ఉంది. గని తోడిపోసే నీటితో ఎండాకాలంలో ఎండిపోయే వాగు ఏడాది పొడవునా పారుతుంది. ఆ నీటితో పంటలు వేస్తారు, పశువులు బతుకుతాయి. అదే సమయంలో ఆ నీరు తోడిన పొరలో మట్టం దిగుతూ ఉంటుంది. పంపులు ఆగిన రోజున వాగు ఎండుతుంది, బావుల్లో నీరు మాత్రం వెంటనే తిరిగి రాదు. వాగు ప్రవాహాన్ని, గని పంపుల రోజువారీ రికార్డును పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇందులో సహజ ప్రవాహం ఎంతో తేలుతుంది.

## సీసాలో కూడా నీరు మారుతుంది

లోతు బోరు నుంచి అప్పుడే తోడిన నీరు తేటగా ఉంటుంది. కాసేపు గాలి తగిలితే సీసాలో మబ్బు కమ్మినట్టవుతుంది, కొన్ని గంటలకు అడుగున నారింజ రంగు మడ్డి దిగుతుంది. కరిగి ఉన్న ఇనుము ఆక్సిజన్ తగిలి గడ్డకట్టిందన్నమాట. ల్యాబ్‌లో పైనున్న తేట నీటిని పరీక్షిస్తే ఇనుము తక్కువని వస్తుంది. కరిగిన లోహాల కోసం తీసే నమూనాను అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే దిగువకు తేవడం అందుకే. వడకట్టకుండా ఆమ్లం కలిపితే తప్పు రెండోవైపు జరుగుతుంది: బురద రేణువుల్లోని లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది.

పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత (కరిగిన లవణాలు పెరిగేకొద్దీ పెరిగే కొలత) బావి గట్టునే కొలవాలి. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతే పీహెచ్ మారిపోతుంది. గొట్టంలో నెలల తరబడి నిలిచిన నీటిని ముందు తోడి పారబోసి, ఈ మూడు రీడింగులూ స్థిరపడ్డాకే సీసా నింపాలి. ల్యాబ్ ఫలితం వచ్చాక ధన, రుణ అయాన్ల మొత్తాలు సరితూగుతున్నాయో లేదో చూస్తే పెద్ద తప్పులు బయటపడతాయి. తేడా 10 శాతం దాటితే ఆ ఫలితాన్ని మళ్లీ పరీక్షించకుండా వాడకూడదు.

## పరిమితి ఎవరి కోసం పెట్టింది

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సల్ఫేట్‌కు ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేనప్పుడు 400. గని రాకముందు 30 ఉన్న బావి ఏటేటా పెరుగుతూ 180కి చేరిందనుకుంటే, నివేదిక ప్రకారం అది పరిమితిలోనే ఉంది. కానీ గని నీరు బావిని చేరిందన్నది తేలిపోయింది, ఇంకో రెండేళ్లలో ఎక్కడుంటుందో అంచనా వేయవచ్చు. అందుకే మంచి పర్యవేక్షణ ప్రణాళికల్లో పరిమితి కంటే ముందే మోగే హెచ్చరిక స్థాయిలు ఉంటాయి. ఏ స్థాయి దాటితే నమూనాలు పెంచాలి, ఏది దాటితే తోడకం తగ్గించాలి, ఏది దాటితే ఊరికి ప్రత్యామ్నాయ నీరివ్వాలి అన్నది ముందే రాసిపెట్టుకుంటారు.

మనిషికి పెట్టిన పరిమితి చేపకు సరిపోదన్నది కెనడాలోని ఎల్క్ లోయ చూపించింది. అక్కడి బొగ్గు గనుల వ్యర్థ రాళ్ల గుట్టల నుంచి సెలీనియం నదిలో కలుస్తోంది. సెలీనియం ఆహార గొలుసులో పేరుకుని చేపల గుడ్లలో చేరి, పిల్లలు వికృతంగా పుట్టేలా చేస్తుంది. ఐఎస్ 10500లో సెలీనియం పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. జలచరాల కోసం అమెరికా పర్యావరణ సంస్థ 2016లో సూచించిన స్థాయి పారే నీటిలో 3.1, నిలిచిన నీటిలో 1.5 మైక్రోగ్రాములు. అంతకన్నా ముందు చేప గుడ్లలోని మోతాదునే చూడమంటుంది. ఎల్క్ లోయ కాలుష్యంపై 2021లో గని కంపెనీకి పడిన జరిమానా 6 కోట్ల కెనడియన్ డాలర్లు.

## ఏడాదికి నాలుగు సార్లు చాలవు

భారతదేశంలో బొగ్గు గనులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు, అంటే మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలవాలన్న షరతు తరచు కనిపిస్తుంది. నీటి మట్టం రుతువులతో ఎలా కదులుతుందో చూడటానికి ఇది పనికొస్తుంది. వాగు నాణ్యతకు ఇలాంటి తేదీలు సరిపోవు. ఎండాకాలమంతా గుంత గోడల మీద, డంపుల మీద పేరుకున్న లవణాలు తొలకరి వానకు ఒక్కసారిగా కరిగి వాగులోకి దిగుతాయి. ఏడాది మొత్తంలో అత్యంత చెడ్డ నీరు ఆ కొన్ని గంటల్లోనే పారవచ్చు, ముందే అనుకున్న తేదీకి వెళ్లి తీసిన సీసాలో అది దొరకదు. ప్రతి 15 నిమిషాలకు వాహకతను నమోదుచేసే పరికరాన్ని వాగులో ఉంచి, అంకె ఎగబాకిన వెంటనే నమూనా తీసే ఏర్పాటు చేస్తే దొరుకుతుంది.

అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం మరో మెట్టు ఎక్కింది. ఒక్కో గని ప్రభావంతో పాటు, ఒకే పరీవాహకంలోని గనులన్నీ కలిసి నీటిపై చూపే ప్రభావాన్ని అనుమతి ఇచ్చే సంస్థే అంచనా వేయాలంటుంది. పక్కపక్కన అయిదారు గనులున్న బొగ్గు క్షేత్రంలో ఇది తప్పనిసరి. ఒక గని గరాటు మరో గని గరాటుతో కలిసినప్పుడు, విడివిడిగా రాసిన నివేదికలన్నీ సరైనవే అయినా అన్నీ కలిసి చెప్పే చిత్రం తప్పవుతుంది. ఒక గని పోలిక బావి పక్క గని ప్రభావంలో ఉంటే ఆ పోలికకు విలువ లేదు.

## పంపులు ఆపేశాక

గని మూతపడితే తోడకం ఆగుతుంది, నీరు నెమ్మదిగా పైకి లేస్తుంది. దశాబ్దాల పాటు ఎండి, గాలి తగిలి ఆక్సీకరణ చెందిన రాళ్ల మీదుగా లేస్తుంది కాబట్టి పేరుకున్న లవణాలన్నింటినీ కరిగించుకుంటుంది. జర్మనీలోని లుసాటియా లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) ప్రాంతంలో నీటిమట్టం తిరిగి లేచాక ఇనుము కలిసిన ఊటలు స్ప్రే నదిలో చేరి కొంతమేర నీరు గోధుమ రంగుకు మారింది. సల్ఫేట్ దిగువన బెర్లిన్ తాగునీటి సరఫరాకు కూడా ఆందోళన కలిగిస్తోంది. అదే దేశంలోని రూర్ ప్రాంతంలో చివరి బొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడినా పంపులు ఆగలేదు. శతాబ్దాల తవ్వకంతో నేల అనేక మీటర్లు కుంగిపోయింది. నీరు తోడకపోతే కొన్ని పట్టణ భాగాలు మునుగుతాయి, గని నీరు తాగునీటి పొరలను చేరుతుంది. ఈ అంతులేని ఖర్చు కోసమే 2007లో ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేశారు.

పర్యవేక్షణ సాధారణంగా సన్నగిల్లేది సరిగ్గా ఈ దశలోనే. గని విస్తరణలో కొన్ని పిజోమీటర్లు డంపుల కింద పడిపోతాయి, కొన్ని గుంతలో కలుస్తాయి. వాటి బదులు వేసినవి కొత్త రికార్డుతో మొదలవుతాయి కాబట్టి ముప్పై ఏళ్ల వరుస తెగిపోతుంది. పాత పిజోమీటర్ పోకముందే దానికి దగ్గర్లో అదే పొరలో కొత్తది వేసి, రెండింటినీ కనీసం ఒక ఏడాది కలిపి కొలిస్తే ఆ వరుస నిలుస్తుంది. మూసివేత ప్రణాళికలో ఏయే బావులను కొలవాలో, నీరు ఏ మట్టానికి చేరి ఎక్కడ నుంచి బయటికి ఊరుతుందని అంచనాయో, నీటిమట్టం స్థిరపడ్డాక ఎన్నేళ్లు కొలత సాగాలో, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందో పేర్లతో సహా ఉండాలి. కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజునే అడగాల్సిన వివరాలివి, ఎందుకంటే పోలిక బావులు వేయాల్సిన సమయం కూడా అదే.